ఫోన్‌లో వత్తులు తెగుతున్నాయి, పేజీ ఎగురుతోంది, లాప్‌టాప్‌లో మాత్రం ఏ తప్పూ దొరకదు

చంద్రగిరి_కోట · సోమవారం రాత్రి 9:10

అందరికీ నమస్తే. తిరుపతి బస్టాండు చుట్టుపక్కల ఒకే యజమానికి ఉన్న మూడు లాడ్జీల బుకింగ్ పేజీ ఇది. గదుల కార్డులు మొత్తం 180. ఫ్రేమ్‌వర్క్ లేదు, మామూలు హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, రవ్వంత జావాస్క్రిప్ట్. ఇంగ్లిష్, తమిళం పేజీలు బాగానే ఉన్నాయి, తగువంతా తెలుగు పేజీతోనే.

కార్డు హెడ్డింగుల్లో కింది వత్తులు సగానికి తెగుతున్నాయి. "తిరుచ్చానూరు రోడ్డు" అన్నచోట చ వత్తు, డ వత్తు రెండూ గుండు కొట్టించుకున్నట్టు ఉన్నాయి. పేజీ తెరిచిన రెండు సెకన్లకి అంతా కిందికి దూకుతుంది, ఒకటి నొక్కబోతే ఇంకోటి నొక్కుకుంటుంది. "ఏసీ గదులు మాత్రమే" అన్న ఫిల్టర్ నొక్కితే తెర బిగుసుకుపోతుంది. "బుక్ చేయండి" బటన్ అడ్రస్ బార్ దెబ్బకి తెర కిందికి జారిపోతుంది.

లాప్‌టాప్‌లో డివైస్ టూల్‌బార్ పెట్టి వెడల్పు 360కి తగ్గిస్తే వీటిలో ఒక్కటీ కనపడదు. ఫోన్ ఆండ్రాయిడ్, 4 జీబీ ర్యామ్. ఎక్కడ మొదలుపెట్టాలి?

పుత్తూరు_కట్టు · 9:26

డివైస్ టూల్‌బార్ అంటే ఫోన్ కాదు సామీ. అది తెర కొలత, టచ్, బ్రౌజర్ తన పేరు చెప్పుకునే తీరు, ఈ మూడింటినే మారుస్తాది. లోపల పనిచేసేది నీ లాప్‌టాప్ ప్రాసెసరే, నీ లాప్‌టాప్ ఫాంట్లే. అడ్రస్ బార్ లోపలికి పోయి బయటికి రావడం కూడా అందులో ఉండదు. నువ్వు చెప్పిన నాలుగు జబ్బులూ సరిగ్గా ఈ తేడాల్లోంచి వచ్చేవే. ముందు ఫోన్‌ని లాప్‌టాప్‌కి కట్టు.

ఫోన్ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్‌కి పోయి బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తట్టు. కొన్ని ఫోన్లలో అది సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ లోపల దాక్కుని ఉంటాది. డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్. కేబుల్ పెట్టినాక ఫోన్‌లో అనుమతి అడుగుతాది, ఒప్పుకో. లాప్‌టాప్ క్రోమ్ అడ్రస్ బార్‌లో క్రోమ్, కోలన్, రెండు స్లాష్‌లు, ఇన్‌స్పెక్ట్ అని కొట్టు. ఫోన్‌లో తెరిచిన ట్యాబులన్నీ ఆడ కనపడతాయి. నీ పేజీ కింద ఇన్‌స్పెక్ట్ నొక్కితే డెవ్‌టూల్స్ (పేజీ లోపలి సంగతులు చూపే బ్రౌజర్ పనిముట్లు) లాప్‌టాప్‌లో, పేజీ ఫోన్‌లో.

రేణిగుంట_జంక్షన్ · 9:31

కేబుల్ డేటా కేబులేనా చూసుకో. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే జాబితా ఖాళీగానే ఉంటుంది, ఎర్రర్ కూడా చూపించదు. సగం మంది ఇక్కడే గంట పోగొట్టుకుంటారు.

పుత్తూరు_కట్టు · 9:38

అదీ నిజమే. ఇంకోటి. లాప్‌టాప్‌లో 3000 పోర్టులో నడిచే పేజీని ఫోన్‌లో చూడాలంటే వైఫై ఐపీ అడ్రస్ కొట్టొద్దు. అదే ఇన్‌స్పెక్ట్ పేజీలో పోర్ట్ ఫార్వార్డింగ్ ఉంటాది. పోర్టు దగ్గర 3000, చిరునామా దగ్గర లోకల్‌హోస్ట్ 3000 అని ఇచ్చి టిక్కు పెడితే, ఫోన్‌లో కూడా లోకల్‌హోస్ట్ అనే తెరుచుకుంటాది. 192.168తో మొదలయ్యే మామూలు హెచ్‌టీటీపీ అడ్రస్‌ని బ్రౌజర్ సురక్షితం అనుకోదు కాబట్టి అందులో లొకేషన్, సర్వీస్ వర్కర్ (పేజీ వెనక ఉండి, దాచిన ఫైళ్లు వడ్డించే స్క్రిప్ట్) పనిచెయ్యవు. లోకల్‌హోస్ట్‌ని సురక్షితం కిందే లెక్కేస్తాది.

కట్టినాక మొదట చూడాల్సింది ఒకటే. తెగిన హెడ్డింగ్‌ని ఎలిమెంట్స్‌లో ఎంచుకుని, కంప్యూటెడ్ ట్యాబ్‌లో అట్టడుగుకి పోతే "రెండర్డ్ ఫాంట్స్" అని ఉంటాది. ఫోన్‌లో ఏం చూపిస్తాది, లాప్‌టాప్‌లో ఏం చూపిస్తాది? రెండూ ఈడ రాయి.

చంద్రగిరి_కోట · 10:15

కట్టాను. లాప్‌టాప్‌లో మేం పెట్టిన హెడ్డింగ్ ఫాంట్ పేరే ఉంది, పక్కన "లోకల్ ఫైల్" అని ఉంది. ఫోన్‌లో ఆ పేరే లేదు, నోటో తెలుగు చూపిస్తోంది. ఫోన్ కన్సోల్‌లో ఒక ఎర్ర గీత కూడా ఉంది, ఫాంట్ ఫైల్‌ని సీఓఆర్‌ఎస్ పాలసీ (ఒక చిరునామాలోని పేజీ ఇంకో చిరునామాలోని ఫైల్‌ని వాడటానికి బ్రౌజర్ పెట్టే నియమం) ఆపేసిందని.

పుత్తూరు_కట్టు · 10:29

దొరికింది. నీ ఫాంట్-ఫేస్‌లో (ఫాంట్ ఎక్కడినుంచి తేవాలో చెప్పే సీఎస్‌ఎస్ ముక్క) సోర్స్ వరుసలో మొదట లోకల్ అని ఫాంట్ పేరు, తర్వాత యూఆర్‌ఎల్ ఉంటాది, అవునా? డిజైన్ చేసేటప్పుడు ఆ ఫాంట్‌ని నీ లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నావు. బ్రౌజర్‌కి అది ఇంట్లోనే దొరికింది కాబట్టి సర్వర్ దగ్గరికి పోనేలేదు. సర్వర్‌లో ఫాంట్ అందట్లేదన్న సంగతి నీకు ఏ రోజూ తెలియదు. ఫోన్‌లో ఆ ఫాంట్ లేదు, సర్వర్‌ని అడిగింది, కాదనిపించుకుంది, సిస్టం ఫాంట్‌తో సరిపెట్టుకుంది. నీ లైన్-హైట్ (లైను ఎత్తు) కొలిచింది ఒక ఫాంట్‌కి, తెర మీద ఉన్నది ఇంకో ఫాంట్.

ఫాంట్ ఫైళ్లు వేరే సబ్‌డొమైన్‌లో ఉన్నట్టుంది. బొమ్మలకి ఆ పట్టింపు లేదు, ఫాంట్లకి ఉంది: వేరే ఆరిజిన్ నుంచి వచ్చే ఫాంట్‌కి "యాక్సెస్-కంట్రోల్-అలో-ఆరిజిన్" హెడర్ లేకుంటే బ్రౌజర్ దాన్ని వాడదు. ఫైల్ దిగినట్టే ఉంటాది, పారేస్తాది.

హోస్టింగ్ వాళ్లని అడిగే ముందు నీ దగ్గరే రుజువు చేసుకో. లాప్‌టాప్‌లో సోర్సెస్ ప్యానెల్, ఓవర్‌రైడ్స్, ఖాళీ ఫోల్డర్ ఒకటి ఇవ్వు, పైన అనుమతి అడుగుతాది. సీఎస్‌ఎస్ ఫైల్‌లో లోకల్ ముక్క తీసేసి సేవ్ చేసి రీలోడ్ కొడితే లాప్‌టాప్‌లో కూడా వత్తులు తెగాలి. తెగితే సగం అయిపోయినట్టే. తర్వాత నెట్‌వర్క్ ప్యానెల్‌లో ఆ ఫాంట్ వరుస మీద కుడి క్లిక్ చేసి "ఓవర్‌రైడ్ హెడర్స్" ఎంచుకో, ఆ హెడర్ చేర్చు. ఫాంట్ వచ్చేస్తే సర్వర్‌లో మార్చాల్సింది ఆ ఒక్క లైనే.

పలమనేరు_పిల్లోడు · 10:41

హెడ్డింగ్‌కి ప్యాడింగ్-బాటమ్ 6 పిక్సెళ్లు ఇస్తే వత్తులు కనపడతాయి కదన్నా? ఇంత దూరం పోవాలా?

కాణిపాకం_అక్షర · మంగళవారం ఉదయం 7:05

తమ్ముడూ, ఆ హెడ్డింగ్‌కి లైన్-క్లాంప్ 2 (రెండు లైన్లు దాటితే దాచేది) ఉంటే ప్యాడింగ్ కొత్త తలనొప్పి తెస్తుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ కత్తిరించేది ప్యాడింగ్ చివర, అక్షరాల చివర కాదు. మూడో లైను క్లాంప్ వల్ల పుట్టకుండా పోదు, కింద దాక్కుని ఉంటుంది అంతే. ప్యాడింగ్ ఇచ్చిన మేర ఆ మూడో లైను నెత్తిన ఉన్న తలకట్లు, గుడులు బయటికి తొంగిచూస్తాయి. కావాలంటే "శ్రీకాళహస్తికి వెళ్లే బస్సులు ఆగే చోటు పక్కన" అని పొడుగు హెడ్డింగ్ పెట్టి చూడు. సరిచేయాల్సింది లైన్-హైట్.

ఇంగ్లిష్ టెంప్లేట్లలో హెడ్డింగులకి 1.1, 1.2 పెట్టి పంపిస్తారు. వాళ్లకి అక్షరం కింద ఉండేది తోక ఒక్కటే. మనకి పైన గుడి, దీర్ఘం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. నేను హెడ్డింగులకి 1.5 తగ్గనివ్వను, పేరాలకి 1.7 దగ్గర పెడతాను. ఇంగ్లిష్ పేజీ చెడకుండా "కోలన్ లాంగ్" సెలెక్టర్‌తో తెలుగుకి మాత్రమే రాయండి. దానికి హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లో భాష తెలుగు అని ఉండాలి. చాలా తెలుగు సైట్లలో అక్కడ ఇంకా ఇంగ్లిష్ అనే ఉంటుంది, స్క్రీన్ రీడర్ కూడా తెలుగుని ఇంగ్లిష్ గొంతుతో చదవబోతుంది.

అలాగే టెంప్లేట్‌లో లెటర్-స్పేసింగ్ ఉంటే తెలుగుకి సున్నా చేయండి.

పరీక్షకి ఎప్పుడూ "గది 1, గది 2" అని పెట్టకండి, అందులో ఒక్క వత్తూ లేదు. నేను వాడే వరుస ఇది: రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి, శ్రీకాళహస్తి, తిరుచ్చానూరు, జ్యోత్స్న. దీనికి తెగకపోతే దేనికీ తెగదు.

చంద్రగిరి_కోట · ఉదయం 8:50

పుత్తూరు అన్న చెప్పినట్టే లోకల్ ముక్క తీసేస్తే లాప్‌టాప్‌లో కూడా తెగింది. హెడర్ చేర్చించాను, ఫోన్‌లో ఫాంట్ వచ్చింది. అక్క చెప్పినట్టు లైన్-హైట్ 1.5 చేశాను, ఇప్పుడు ఏ ఫాంట్‌లోనూ తెగట్లేదు.

కానీ కొత్తది మొదలైంది. ముందు సిస్టం ఫాంట్‌లో వచ్చి, కాసేపటికి మా ఫాంట్‌లోకి మారేటప్పుడు కార్డులన్నీ కదులుతున్నాయి. ఫాంట్ త్వరగా రావాలని ప్రీలోడ్ పెట్టాను. నెట్‌వర్క్‌లో చూస్తే అదే ఫాంట్ ఫైల్ రెండుసార్లు దిగుతోంది!

రేణిగుంట_జంక్షన్ · 8:58

ప్రీలోడ్ ట్యాగ్‌లో క్రాస్‌ఆరిజిన్ లేదు. ఫాంట్‌ని బ్రౌజర్ ఎప్పుడూ సీఓఆర్‌ఎస్ పద్ధతిలోనే తెస్తుంది. నీ ప్రీలోడ్ మామూలు పద్ధతిలో తెచ్చింది. రెండూ పొసగక రెండోసారి తెచ్చుకుంది. ఫాంట్ నీ సొంత డొమైన్‌లోనే ఉన్నా ఆ పదం ఉండాల్సిందే. కన్సోల్‌లో "ప్రీలోడ్ చేశారు గానీ వాడలేదు" అన్న పసుపు హెచ్చరిక వచ్చి ఉంటుంది, చూడు.

చంద్రగిరి_కోట · 9:06

వచ్చింది. పసుపు కదా అని వదిలేశాను.

కాణిపాకం_అక్షర · 9:40

ఫైల్ ఎంత బరువుంది? తెలుగు ఫాంట్‌లో యూనికోడ్ పట్టిక ప్రకారం అక్షరాలు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా, అంటే 128 స్థానాల్లోనే. కానీ లోపల వత్తులు, గుణింతాల కలయికలకి వందల ఆకారాలు ఉంటాయి. దాన్ని చిక్కబట్టాలంటే ఫాంట్‌టూల్స్‌లోని పైఎఫ్‌టీసబ్‌సెట్ వాడండి. తెలుగు వరుస మొత్తం, దానికి తోడు 200సీ, 200డీ అనే కనపడని రెండు గుర్తులు, చుక్కల వలయం 25సీసీ, దండాలు 0964, 0965 ఇవ్వండి. రూపాయి గుర్తు 20బీ9 మీ ఫాంట్‌లో ఉంటే అదీ ఇవ్వండి, గది ధరల పేజీ కదా. ఫార్మాట్ డబ్ల్యూఓఎఫ్‌ఎఫ్ 2. బ్రోట్లి మాడ్యూల్ లేకపోతే ఆ ఫార్మాట్‌లో రాయలేదు, ముందే పెట్టుకోండి.

అక్షరాలు ఏరుకుని ఫాంట్ చిక్కబరుస్తామనే సాధనాలన్నిటికీ తెలుగు తెలియదు. అవి 128 స్థానాలు ఉంచి, వాటిని కలిపే నియమాలని పారేస్తాయి. అప్పుడు "రాష్ట్రం" అన్నది ష్, ట్, రం అని విడివిడిగా పొల్లులతో వస్తుంది. పైఎఫ్‌టీసబ్‌సెట్ ఆ నియమాలని పట్టుకుని వాటికి కావలసిన ఆకారాలని కూడా ఉంచుతుంది, "నో లేఅవుట్ క్లోజర్" అన్న ఆప్షన్ ఇవ్వకుండా ఉంటే చాలు.

ఇక మారేటప్పుడు కదలిక. బదులు ఫాంట్‌ని మీ ఫాంట్ కొలతకి తేవాలి. ఒకే హెడ్డింగ్‌ని రెండు ఫాంట్లలో స్పాన్‌లో పెట్టి వెడల్పు కొలవండి. మీ ఫాంట్‌లో 232 పిక్సెళ్లు, సిస్టం ఫాంట్‌లో 246 వచ్చాయనుకోండి, 232ని 246తో భాగిస్తే 0.943. ఇంకో ఫాంట్-ఫేస్ రాసి, లోకల్‌లో నోటో సాన్స్ తెలుగు, విండోస్ కోసం నిర్మలా యూఐ ఇచ్చి, సైజ్-అడ్జస్ట్ 94% పెట్టండి. ఫాంట్-ఫ్యామిలీ వరుసలో మీ ఫాంట్ తర్వాత దీని పేరు రావాలి. ఒక్క హెడ్డింగ్‌తో కాకుండా పది హెడ్డింగుల సగటు తీసుకుంటే మంచిది.

పలమనేరు_పిల్లోడు · 9:52

నిన్న లోకల్ తీసెయ్యమన్నారు, ఈరోజు లోకల్ పెట్టమంటున్నారు :)

కాణిపాకం_అక్షర · 9:55

నిన్నటిది అసలు ఫాంట్‌కి, ఈరోజుది బదులు ఫాంట్‌కి. అత్తగారి గాజులు, కోడలి గాజులు వేరు తమ్ముడూ.

పుత్తూరు_కట్టు · 10:20

నువ్వు మొదట చెప్పిన దూకుడు ఫాంట్‌ది కాదు, అప్పుడు ఫాంట్ రానేలేదు కదా. అది ఇంకా ఆడనే ఉంటాది. డెవ్‌టూల్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి "రెండరింగ్" అని కొట్టు, అందులో లేఅవుట్ షిఫ్ట్ రీజియన్స్‌కి టిక్కు పెట్టు. రీలోడ్ చేస్తే జరిగిన ప్రతి ముక్కా ఒక్క క్షణం రంగులో మెరుస్తాది. ఆ తర్వాత పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో రికార్డు చేస్తే లేఅవుట్ షిఫ్ట్స్ అనే పట్టీలో వజ్రాల మాదిరి గుర్తులు ఉంటాయి, ఒక్కోదాన్ని నొక్కితే ఏది ఎంత జరిగిందో చెప్తాది.

చంద్రగిరి_కోట · 11:30

"వైకుంఠ ఏకాదశికి ముందస్తు బుకింగ్" అని పైన వచ్చే పట్టీ. సర్వర్ నుంచి ఆలస్యంగా వచ్చి తలమీద దూరుతోంది. ఎత్తు 80 పిక్సెళ్లే.

పుత్తూరు_కట్టు · 11:48

80 పిక్సెళ్లే అంటున్నావు, లెక్క కట్టి చూడు. సీఎల్‌ఎస్ (పేజీ ఎంత ఎగిరిందో చెప్పే కొలత) అంటే కదిలిన భాగం తెరలో ఎంత వంతు, అది ఎంత దూరం కదిలింది, ఈ రెండింటి గుణకారం. నీ తెర ఎత్తు 800. పట్టీ కింద ఉన్నదంతా కదిలింది, అంటే దాదాపు తెర మొత్తం, 1. దూరం 80ని 800తో భాగిస్తే 0.1. గుణిస్తే 0.1. గూగుల్ "బాగుంది" అనడానికి పెట్టిన గీత కూడా 0.1. ఒక్క పట్టీతోనే గీత అంచుకి వచ్చేసినావు, ఇంక ఒక బొమ్మ జరిగినా దాటిపోతాది.

పట్టీ చోటుకి ముందే మిన్-హైట్ 80 ఇచ్చి ఖాళీగా ఉంచు. పట్టీ రాని రోజు ఆ ఖాళీ అసహ్యంగా ఉంటాది అనిపిస్తే, పట్టీని తలమీద కాకుండా కింద ఫిక్స్‌డ్‌గా తేలేట్టు పెట్టు, అది దేన్నీ తొయ్యదు. బొమ్మలకి హెచ్‌టీఎంఎల్‌లోనే వెడల్పు, ఎత్తు రాయి. సీఎస్‌ఎస్‌లో హైట్ ఆటో ఉన్నా ఫర్వాలేదు, ఆ రెండు అంకెల నిష్పత్తి చూసుకుని బ్రౌజర్ చోటు ముందే పట్టి పెడతాది.

నువ్వు నొక్కిన అర సెకను లోపల జరిగిన కదలికలు లెక్కలోకి రావు. అందుకని "మరిన్ని చూపు" నొక్కితే కార్డులు విచ్చుకోవడం తప్పు కాదు.

రేణిగుంట_జంక్షన్ · 12:02

పైన పెద్ద లాడ్జి ఫొటోకి లోడింగ్ లేజీ (తెర దగ్గరికి వచ్చేదాకా తేకుండా ఆపేది) పెట్టి ఉంటావు, తీసెయ్. తెర తెరవగానే కనపడే బొమ్మకి లేజీ పెడితే ఎల్‌సీపీ (తెర మీది అన్నిటికన్నా పెద్ద ముక్క కనపడే సమయం) మనమే ఆలస్యం చేసుకున్నట్టు. దానికి ఫెచ్‌ప్రయారిటీ హై ఇవ్వు. సీఎస్‌ఎస్ బ్యాక్‌గ్రౌండ్‌లో పెట్టి ఉంటే ఐఎంజీ ట్యాగ్‌కి మార్చు. బ్యాక్‌గ్రౌండ్ బొమ్మ ఉందన్న సంగతి సీఎస్‌ఎస్ దిగి చదివేదాకా బ్రౌజర్‌కి తెలియదు.

ఎల్‌సీపీ 2.5 సెకన్ల లోపు, ఐఎన్‌పీ (నొక్కాక తెర స్పందించే సమయం) 200 మిల్లీసెకన్ల లోపు. లాప్‌టాప్‌లో చూసేటప్పుడు థ్రాట్లింగ్ "స్లో 4జీ" పెట్టు. బస్టాండులో దిగి, సంచులు మోస్తూ గది వెతుక్కునే మనిషికి ఆఫీసు వైఫై ఉండదు.

చంద్రగిరి_కోట · సాయంత్రం 5:15

పట్టీ, ఫొటో రెండూ సర్దాను. ఇప్పుడు మిగిలింది ఫిల్టర్. కోడ్ ఇంతే: 180 కార్డుల మీద లూప్ తిరిగి, ఏసీ కానివాటిని డిస్‌ప్లే నన్ చేసి (దాచేసి), మిగిలిన ప్రతి కార్డు ఆఫ్‌సెట్‌హైట్ (తెర మీది ఎత్తు) చదివి, వరుసలో అన్నీ ఒకే ఎత్తుకి వచ్చేలా హైట్ రాస్తుంది. లాప్‌టాప్‌లో రెప్పపాటు పని.

మదనపల్లె_టమాట · 5:22

రియాక్ట్‌లో రాసుంటే ఇన్ని తిప్పలు ఉండేవి కావు.

పుత్తూరు_కట్టు · 5:40

రియాక్ట్‌లో రాసినా లూప్‌లో ఆఫ్‌సెట్‌హైట్ చదివితే ఇదే గతి టమాట అన్నా. ఇంగ అసలు సంగతికి వస్తాను.

ఫోన్ కట్టే ఉంది కదా, పెర్ఫార్మెన్స్ ప్యానెల్‌లో రికార్డు నొక్కి, ఫోన్‌లో ఫిల్టర్ ఒక్కసారి నొక్కి, ఆపు. ఫోన్ లేకపోతే లాప్‌టాప్‌లో సీపీయూ నాలుగు రెట్లు నిదానం అని పెట్టుకోవచ్చు, కానీ అసలు ఫోన్ ఉండగా అది ఎందుకు. పైన ఇంటరాక్షన్స్ పట్టీలో నీ నొక్కుడు ఒక పొడుగు బద్దలాగా ఉంటాది. అందులో మూడు ముక్కలు: నొక్కినాక నీ కోడ్ మొదలయ్యేదాకా ఆగిన సేపు, నీ కోడ్ నడిచిన సేపు, ఆ తర్వాత తెర మీద గీయడానికి పట్టిన సేపు. ఏ ముక్క పొడుగో దాన్నిబట్టే మందు. మొదటిది పొడుగైతే ఇంకేదో స్క్రిప్ట్ దారికి అడ్డం పడి ఉంది. నీది రెండోదే అయి ఉంటాది.

దాని కింద మెయిన్ పట్టీలో పసుపు కడ్డీ కింద ఊదా రంగు ముక్కలు దువ్వెన పళ్ల మాదిరి వరసగా ఉంటాయి. మూలన ఎర్ర ముక్కోణం. మౌస్ పెడితే "ఫోర్స్‌డ్ రీఫ్లో" అంటాది, కింద నీ ఫైల్ పేరు, లైను నంబరు.

ఎందుకంటే, స్టైల్ రాసినప్పుడు బ్రౌజర్ వెంటనే లెక్క కట్టదు, పక్కన పెట్టుకుంటాది. నువ్వు ఎత్తు ఎంత అని అడిగితే మాత్రం పక్కన పెట్టినవన్నీ తీసి అప్పటికప్పుడు పేజీ మొత్తం లెక్క కట్టి చెప్పాలి. నువ్వు రాసి, అడిగి, రాసి, అడిగి, మిగిలిన ప్రతి కార్డుకీ ఒకసారి లెక్క కట్టించినావు. అన్ని కార్డుల ఎత్తులూ ముందు ఒక లూప్‌లో చదివేసి, రాయడం అంతా ఇంకో లూప్‌లో పెడితే లెక్క ఒకటి రెండుసార్లతో తెగిపోతాది.

కాణిపాకం_అక్షర · సాయంత్రం 6:30

అసలు ఆ ఎత్తుల లూపే అక్కర్లేదు. జాబితా గ్రిడ్‌లో ఉంటే ప్రతి కార్డుకీ గ్రిడ్-రో స్పాన్ 3 ఇచ్చి, కార్డులో డిస్‌ప్లే గ్రిడ్, గ్రిడ్-టెంప్లేట్-రోస్ సబ్‌గ్రిడ్ అని రాయండి. ఫొటో, హెడ్డింగ్, ధర మూడు అడ్డవరుసలు పక్క కార్డులతో వాటంతటవే సమానమవుతాయి. తెలుగు హెడ్డింగ్ ఒక కార్డులో రెండు లైన్లు, ఇంకోదానిలో ఒక లైను వచ్చినా ధరలు ఒకే గీత మీద కూర్చుంటాయి. ఫైర్‌ఫాక్స్‌లో ఇది 71 నుంచి, సఫారీలో 16 నుంచి, క్రోమ్‌లో 117 నుంచి ఉంది. రో-గ్యాప్ మాత్రం చూసుకోండి: తల్లి గ్రిడ్ గ్యాప్ 24 ఉంటే కార్డు లోపల ఫొటోకి, హెడ్డింగ్‌కి మధ్య కూడా 24 వస్తుంది. కార్డులో రో-గ్యాప్ విడిగా 8 అని రాసుకోవాలి.

సబ్‌గ్రిడ్ గీతలు చూడటానికి నేను ఫైర్‌ఫాక్స్ తెరుస్తాను. క్రోమ్‌లోనూ గ్రిడ్ గీతలు వస్తాయి గానీ, ఒక ప్రాపర్టీ ఎందుకు పనిచేయట్లేదో ఫైర్‌ఫాక్స్ బూడిద రంగులో చూపించి పక్కన కారణం రాసే పద్ధతి నాకు అలవాటైపోయింది.

పలమనేరు_పిల్లోడు · 6:44

ఏసీ ఫిల్టర్‌కి కూడా జావాస్క్రిప్ట్ అక్కర్లేదన్నా. జాబితాకి "హ్యాస్" సెలెక్టర్ పెట్టి, లోపల ఏసీ చెక్‌బాక్స్ చెక్ అయి ఉంటే నాన్ ఏసీ కార్డులు డిస్‌ప్లే నన్ అని రాస్తే సరి. ఫైర్‌ఫాక్స్ 121 నుంచి అన్నిట్లో ఉంది.

పుత్తూరు_కట్టు · 6:51

శభాష్. రెండు మూడు ఫిల్టర్ల వరకు బాగుంటాది. "42 గదులు దొరికాయి" అని చూపాలన్నా, ధర 800 నుంచి 1500 మధ్య అన్నా మళ్లీ స్క్రిప్ట్ కావాల్సిందే.

చంద్రగిరి, కార్డులకి కంటెంట్-విజిబిలిటీ ఆటో, కంటైన్-ఇంట్రిన్సిక్-సైజ్ "ఆటో 320 పిక్సెళ్లు" అని ఇస్తే తెర బయట ఉన్నవాటిని గీయకుండా ఆగుతాది అనబోయినాను. సబ్‌గ్రిడ్ పెడితే వద్దులే, ఆ రెండూ పొసగవు. 180 కార్డులకి సబ్‌గ్రిడ్ ఒక్కటే చాలు.

చంద్రగిరి_కోట · రాత్రి 8:20

సబ్‌గ్రిడ్, హ్యాస్ రెండూ పెట్టి ఎత్తుల లూప్ తీసేశాను. దువ్వెన పళ్లు పోయాయి, నొక్కగానే మారుతోంది. బుక్ బటన్ సంగతి?

రేణిగుంట_జంక్షన్ · 8:27

హైట్ 100వీహెచ్ రాసి ఉంటావు. ఫోన్‌లో వీహెచ్ అంటే అడ్రస్ బార్ లోపలికి పోయిన తర్వాతి పెద్ద తెర. బార్ ఉన్నప్పుడు ఆ మేర కిందికి జారుతుంది. 100ఎస్‌వీహెచ్ రాయి, అది బార్ ఉన్నప్పటి చిన్న తెర. డీవీహెచ్ కూడా ఉంది, స్క్రోల్ చేస్తుంటే బార్‌తో పాటు మారుతూ ఉంటుంది, బటన్ ఊగుతుంది. పాత ఫోన్ల కోసం పైన వీహెచ్ లైను అలాగే ఉంచి, దాని కింద ఎస్‌వీహెచ్ లైను రాయి. తెలియని బ్రౌజర్ రెండోది వదిలేస్తుంది.

మదనపల్లె_టమాట · రాత్రి 8:40

నాదీ ఒకటి తెంచండి. మామిడి రకాల జాబితాలో వెతుకులాట పెట్టినా. తోతాపురి, బేనీషా, నీలం దొరుకుతాయి. "ఇమామ్‌పసంద్" మాత్రం ఒకరికి దొరుకుతాది, ఒకరికి దొరకదు. స్పెల్లింగ్ రెండింటిలో అచ్చం ఒకటే.

కాణిపాకం_అక్షర · 8:58

కంటికి ఒకటే. కన్సోల్‌లో రెండింటి లెంగ్త్ అడగండి. ఒకటి 11, ఇంకోటి 10 వస్తుంది. మ్ తర్వాత పకి వత్తు పడకుండా ఆపే కనపడని గుర్తు, 200సీ, ఒకదానిలో ఉంది. దాన్ని పెట్టడం కీబోర్డుని బట్టి, రాసేవారి అలవాటుని బట్టి మారుతుంది. అది లేనిచోట మకి కింద ప వత్తు పడాలి, కానీ కొన్ని ఫాంట్లలో ఆ కలయిక లేక పొల్లుతోనే చూపిస్తాయి. అందుకే అచ్చం ఒకేలా కనపడింది.

పోల్చే ముందు రెండు వైపులా నార్మలైజ్ ఎన్‌ఎఫ్‌సీ చేసి, 200సీ, 200డీ, ఖాళీలు తీసేయండి. నార్మలైజ్ ఎందుకంటే ఐత్వం ఒకే గుర్తుగానూ రావచ్చు, ఎత్వం మీద ఇంకో గుర్తు చేర్చి రెండుగానూ రావచ్చు. ఇది పోలికకి మాత్రమే. తెర మీద చూపించే పేరులోంచి తీసేస్తే "ఇమామ్పసంద్" అని మకి ప వత్తు పడుతుంది.

పేరు పొడుగుకి హద్దు పెట్టేటప్పుడు కూడా లెంగ్త్ నమ్మకండి. "తిరుపతి" లెంగ్త్ 7, మనం లెక్కపెట్టే అక్షరాలు 4, యూటీఎఫ్-8లో 21 బైట్లు. అక్షరాలే కావాలంటే ఇంటిఎల్ సెగ్మెంటర్ ఉంది. వత్తున్న మాటల్లో పాత బ్రౌజర్లు, కొత్త బ్రౌజర్లు వేర్వేరు అంకెలు చెప్పొచ్చు, "చిత్తూరు"తో పరీక్షించుకోండి.

మదనపల్లె_టమాట · 9:12

11, 10. అంతే! అక్కా, ఒక బుట్ట బేనీషా పంపిస్తా.

చంద్రగిరి_కోట · బుధవారం ఉదయం 10:05

అంతా పైకి ఎక్కించాను. నా ఫోన్‌లో బాగుంది, యజమాని ఫోన్‌లో మాత్రం ఇంకా పాతదే వస్తోందట. "ఏం మార్చావు నువ్వు" అని ఫోన్ చేశారు.

పుత్తూరు_కట్టు · 10:11

పాత సర్వర్ వర్కర్ ఉందా సైట్‌లో?

పుత్తూరు_కట్టు · 10:12

సర్వీస్ వర్కర్ అని చదువుకో, కాఫీ ఇంకా తాగలేదు.

చంద్రగిరి_కోట · 10:19

ఉంది. ముందు చేసినవాళ్లు పెట్టి వదిలేసింది.

పుత్తూరు_కట్టు · 10:34

అదే పాత సీఎస్‌ఎస్‌ని క్యాష్‌లోంచి తీసి వడ్డిస్తాంది. అప్లికేషన్ ప్యానెల్, సర్వీస్ వర్కర్స్‌లో చూడు: కొత్తది "వెయిటింగ్" అని ఉంటే పాత ట్యాబులన్నీ మూసేదాకా అది బయటికి రాదు. నీ దగ్గర పరీక్షించేటప్పుడు "అప్‌డేట్ ఆన్ రీలోడ్" టిక్కు పెట్టుకో. నెట్‌వర్క్‌లోని డిసేబుల్ క్యాష్ డెవ్‌టూల్స్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తాది, అది చూసి అంతా బాగుందని మోసపోవద్దు.

జనాల ఫోన్లలో ఉన్నదాన్ని నువ్వు పోయి తీయలేవు కదా. అదే పేరుతో, అదే చోట కొత్త వర్కర్ ఫైల్ పెట్టు. ఇన్‌స్టాల్‌లో స్కిప్‌వెయిటింగ్, యాక్టివేట్‌లో క్యాష్‌లన్నీ చెరిపేసి తనని తాను అన్‌రిజిస్టర్ చేసుకునే నాలుగు లైన్లు. ఫైల్ తీసేసి 404 ఇస్తే సరిపోతుందని అనుకోవద్దు, కొత్తది అందకపోతే పాతది అట్లనే కూర్చుని ఉండొచ్చు.

చంద్రగిరి_కోట · మధ్యాహ్నం 12:40

యజమాని రెండుసార్లు తెరిచారు, రెండోసారికి కొత్తది వచ్చింది. సీఎల్‌ఎస్ 0.03 దగ్గర ఆగింది, అది ఫాంట్ మారేటప్పటి చిన్న కదలిక. ఫాంట్-డిస్‌ప్లే ఆప్షనల్ పెడితే అదీ పోతుందా?

కాణిపాకం_అక్షర · 12:55

పోతుంది. కానీ సుమారు 100 మిల్లీసెకన్ల లోపు ఫాంట్ రాకపోతే ఆ సందర్శనకి సిస్టం ఫాంటే ఉండిపోతుంది. మొదటిసారి వచ్చేవాళ్లలో చాలామంది మీ ఫాంట్ చూడకుండానే గది బుక్ చేసుకుని వెళ్లిపోతారు. నేనైతే స్వాప్ (ఫాంట్ ఎప్పుడొచ్చినా మార్చేది) ఉంచి 0.03తో సరిపెట్టుకుంటాను.

రేణిగుంట_జంక్షన్ · 1:03

పని అయ్యాక ఫోన్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆఫ్ చెయ్. ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు.